ఉప్పు నిండుకుంది

నేను చేసిన పనేమిటో మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం చివరిదాకా నావల్ల కాలేదు. టెక్కలిలో మందుల షాపు పైన ఒక గది, పాత లాప్‌టాపు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, "చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ ప్రచారం" అని రాయించుకున్న బోర్డు. అంతే నా సామ్రాజ్యం. పెద్దనోట్లు రద్దయిన మరుసటి ఏడాది అది. ఫోనులో నెట్టు చవకైపోయి, మేకలు కాసే ముసలాయన కూడా నీడన కూర్చుని వీడియోలు చూస్తున్న రోజులు. "ఏటే, గోడలకి పోస్టర్లంటిస్తావేటి?" అని మా అమ్మ అడిగింది. "గోడలకి కాదమ్మా, ఫోన్లో" అన్నాను. "ఫోన్లో ఎలాగంటిస్తావే?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ సరైన ప్రశ్నే అడిగింది.

విశాఖపట్నంలో మూడు నెలలు కోర్సు చేసి వచ్చాను. అక్కడ మాకు పాఠం చెప్పిన సారు ఎండాకాలంలో కూడా టై కట్టుకుని వచ్చేవాడు. "ఎవరి వ్యాపారం వాళ్ళ సొంత గొంతుతో మాట్లాడాలి. మీ ఇంట్లో ఏ మాట అంటారో పేజీలో అదే మాట రాయండి. జనం దానికే పడిపోతారు" అనేవాడు. ఆ మాటను నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. పారేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

వచ్చినవాళ్ళకు గొంతూ అక్కర్లేదు, మాటా అక్కర్లేదు. బట్టల షాపాయనకు పండక్కి శుభాకాంక్షల బొమ్మ కావాలి, అందులో దేవుడి కంటే తన ఫోటో పెద్దగా ఉండాలి. గరివిడి నుంచి పనిగట్టుకుని వచ్చిన టిఫిన్ హోటలాయన పేజీ పెట్టించుకుని వెళ్ళి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఇంకా ఎవలూ రానేదమ్మా. బల్లలు తుడిసి కూకున్నాను" అన్నాడు. నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక చాలాసేపు బాధ కూడా వేసింది. ఆయన నిజంగానే కూర్చున్నాడు.

మా మావ వచ్చింది అప్పుడే. మా అమ్మకు తమ్ముడు. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని. కయ్యల్లోకి ఉప్పునీళ్ళు పెట్టడం, ఎండబెట్టడం, చెక్క పారతో ఉప్పు గీకి గట్టుమీదికి లాగడం, కుప్పపోసి తాటాకు కప్పడం. వాళ్ళ నాన్నా అదే చేశాడు, ఈయనా అదే చేశాడు. మడమలు పగిలి తెల్లగా ఉండేవి. చెప్పులు చేత్తో పట్టుకుని మా మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మీ, నీ ఫోన్లో ఉప్పమ్మితే కొంతారేటే?" అన్నాడు.

"కూర్చో మావా ముందు."

"కూకోడానికి రానేదు. కొంతారా, కొనరా? బేగి సెప్పు."

విషయం ఇదీ. మడులున్న నేల ఒక ఆసామిది. మావ కౌలుకు చేస్తున్నాడు. చుట్టుపక్కలంతా ఒక్కొక్క మడీ రొయ్యల చెరువైపోతోంది. ఆసామి మంచివాడే, మొహంమీద చెప్పాడు. ఈ సీజనులో నికరంగా ఉప్పెత్తే బేరం ఒకటి చూపిస్తే మడులు మావకే ఉంచేస్తానన్నాడు. చూపించకపోతే సీజను అయ్యాక మిషను దింపి చెరువులు తవ్విస్తానన్నాడు. మావకు వేరే పని రాదు. యాభై దాటాయి. "అవి పోతే నాను ఎక్కడికెల్తానే?" అన్నాడు గోడకేసి చూస్తూ. 

నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, సిగ్గేస్తుంది ఇప్పుడు. మనం పశువుల కుడితిలో వేసే రాళ్ళుప్పును సిటీల్లో గాజు సీసాల్లో పెట్టుకుని మురిసిపోతున్నారని నాకు తెలుసు. దంచని ఉప్పు, కడగని ఉప్పు, సముద్రపు ఉప్పు అంటే ఎగబడి కొంటున్నారని కోర్సులోనే విన్నాను. శుభాకాంక్షల బొమ్మలు చేసీ చేసీ విసిగిపోయి ఉన్నాను. దొరికింది నాకు సొంత గొంతు, అనుకున్నాను.

ఆ గొంతు మా అత్తది. మావ భార్య. మడుల్లో ఆయనతో సమానంగా పని చేసేది, ఆయన మాట్లాడని మాటలన్నీ కలిపి ఆవిడే మాట్లాడేది. మొదటిసారి ఫోటోలు తీయడానికి వెళ్ళినప్పుడు రుచి చూద్దామని చెయ్యి చాపాను. అత్త గుప్పెడు ఉప్పు తీసి నా చేతిలో పెట్టలేదు. గట్టుమీద చెక్కపలక ఉంటే దానిమీద పోసింది.

"తీసుకో. ఉప్పు సేత్తో సేతికివ్వకూడదు, తగువులొస్తాయి. మీయమ్మ నేర్పనేదేటి?"

"నేర్పలేదత్తా."

"మీయమ్మకి టీవీ సూడ్డానికే కాలీ నేదు, మరేటి నేర్పుతాది" అంది.

ఆ ముక్క, టీవీ సంగతి తీసేసి, వీడియో పెట్టాను. జనం విరగబడి చూశారు. దీపాలు పెట్టాక ఇరుగుపొరుగుకు ఉప్పు ఇవ్వకూడదంది, అదీ పెట్టాను. ఉప్పు తొక్కితే కళ్ళకద్దుకోవాలంది, అదీ పెట్టాను. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు మా అమ్మమ్మ ఇలాగే అనేది, మా నానమ్మ ఇలాగే కొట్టేది అని రాసేవారు. అత్తకు చదివి వినిపిస్తే, "ఈలందరికీ పనీపాటా నేదేటే?" అనేది కానీ, మర్నాడు కాస్త తల దువ్వుకుని మడిలోకి వచ్చేది. మావ నవ్వేవాడు. ఆ రెండు నెలలూ మేం ముగ్గురం బాగున్నాం. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

బెంగుళూరు నుంచి ఆ మేడమ్ మెసేజ్ పెట్టింది అప్పుడే. ఆవిడకు ఇలాంటి సరుకులు అమ్మే షాపులు మూడున్నాయట. నమూనాకు పది కిలోలు పార్శిలు చేయించాం. అందాక ఫోన్ చేసింది. అరకొర తెలుగు, కానీ మర్యాద గల మనిషి. ఉప్పు చాలా బాగుందంది. ఇప్పుడొక లారీ లోడు, తర్వాత మూడు నెలలకోసారి ఒకటి చొప్పున తీసుకుంటానంది. "మీ పోస్టులు రోజూ చదువుతాను. కింద నొక్కితే ట్రాన్స్‌లేషన్ వస్తుంది కదా, భలే ఉంటాయి మీ ఆంటీ మాటలు" అంది. నేను పొంగిపోయాను. సరుకు సంగతి మాట్లాడుకోవడానికి తన దగ్గర కొనుగోళ్ళు చూసే మనిషి వారం తర్వాత మావకే నేరుగా ఫోన్ చేస్తాడనీ, అతనికి తెలుగు కొంచెం వచ్చుననీ చెప్పింది. లారీ సాలూరుది, విశాఖపట్నంలో సరుకు దింపి ఖాళీగా బెంగుళూరు వెళ్ళే బండి అయితే కిరాయి కలిసొస్తుందట. ఇదంతా మావకు చెబితే, కుప్పల వంక చూసి, "అయితే సరిపోద్దే" అన్నాడు. వెళ్ళి ఆసామికి చెప్పి వచ్చాడు. లారీ వచ్చి లోడెత్తిన రోజు తనకు చూపిస్తే, ఆ రోజునుంచే మడులు మావవని ఆసామి మాటిచ్చాడు.

నాలుగు రోజులకు వాన పడింది. ఆ నెలలో పడకూడని వాన. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ఆగింది, అంతే. కుప్పల మీద తాటాకులు మందంగానే కప్పారు. కానీ కాలవ పొంగి నీళ్ళు కిందనుంచి వచ్చాయి. నేను వెళ్ళేసరికి తాటాకులు తాటాకుల్లాగే ఉన్నాయి, వాటికింద కుప్పలు లేవు. బురదలో అక్కడక్కడ తెల్లటి చారలు. మావ గట్టుమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అత్త మాత్రం అప్పటికే చెంగు నడుముకు దోపి, మడుల్లోంచి బురదనీళ్ళు బయటికి తోడేస్తోంది.

"నెల్లాళ్ళు ఎండ కాస్తే మళ్ళీ పండుతాది. ఏటైపోనాది ఇప్పుడు? లెగు" అని ఆయన్ని కసిరింది.

అది నిజమే. నెల చాలు. ఎండలింకా మిగిలే ఉన్నాయి. బెంగుళూరావిడకు ముందే చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. మర్యాద గల మనిషి, ఆగుతుంది. పేజీ చూసే మిగతావాళ్ళకూ తెలుస్తుంది కదా అని అక్కడే గట్టుమీద నిలబడి ఫోన్లో టైపు చేశాను. సరిగ్గా రాశామా లేదా అని అత్తకు చదివి వినిపించడం నాకు అప్పటికి అలవాటు.

"ఉప్పు లేదు. నెల రోజుల్లో..." అన్నానో లేదో, బురద చేత్తోనే నా నోటిమీద కొట్టింది.

"నోట్లో మన్నెయ్య! ఏ మాటంటన్నావే? ఉప్పు నేదంటావేటే, ఉప్పు మడిలో నిలబడి?"

"మరేమనాలి అత్తా?"

"నిండుకుందనాల. ఏ కొంపలోనైనా ఉప్పు నేదంటారేటే? బియ్యం నేవంటారా? పసుపు నేదంటారా? మాలచ్చిమిని పట్టుకుని నేదంటే ఎల్లిపోదేటి?"

నాకు తెలియదని కాదు. మా ఇంట్లోనూ అదే అంటారు. డబ్బా అడుగు కనబడితే "బియ్యం నిండుకున్నాయి, తెప్పించండి" అంటారు. అయిపోయిందని అనలేక, లేదని అనలేక, నిండింది అనుకుని ధైర్యం చెప్పుకునే మాట. తెలుగువాళ్ళలో పెద్దవాళ్ళెవరికైనా తెలుస్తుంది. అత్త నోటినుంచి వినగానే నా బుర్రలో ఆ టై కట్టుకున్న సారు ఎర్ర ఇంకుతో ప్రత్యక్షమయ్యాడు. ఇంట్లో ఏ మాట అంటారో అదే రాయండి. ఆహా, అనుకున్నాను. దీనికంటే సొంత గొంతు ఇంకేముంటుంది?

"ఉప్పు నిండుకుంది" అని రాశాను. ఇంకేమీ రాయలేదు. నెల రోజుల సంగతి తీసేశాను, మాట ఒక్కటే ఉంటే అందంగా ఉంటుందని. దానికో ఫోటో పెట్టాలి. బురద ఫోటో ఎవరు చూస్తారు? వాన పడకముందు తీసింది ఒకటుంది. నీలం ఆకాశం, ఎండలో తళతళలాడే ఉప్పుకుప్ప, పక్కన పార పట్టుకుని అత్త. అది పెట్టాను.

నేను పేజీలో పెట్టిన వాటన్నిటికంటే దానికే ఎక్కువ లైకులు వచ్చాయి. ఎన్నాళ్ళకు విన్నామండీ ఈ మాట, కళ్ళు చెమర్చాయి, మీ ఆంటీకి దండం. ఒక్కొక్కటీ చదువుకుని మురిసిపోయాను. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ట్రాన్స్‌లేషన్ అన్నదాన్ని నేను నొక్కి చూడలేదు. నాకెందుకు, తెలుగు వచ్చినదాన్ని? బెంగుళూరావిడ రోజూ అదే నొక్కి చదువుతానని నా చెవిలో చెప్పింది. నా చెవులు పొగడ్తలకే తెరుచుకుని ఉన్నాయి.

తర్వాత చూశాను. "ఉప్పు నిండుగా ఉంది" అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఉంది. ఫోటో కూడా అదే చెబుతోంది.

పోనీ, అక్కడితో ఆగినా బాగుండేది. రెండు రోజులకు బెంగుళూరు మనిషి మావకు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే మావ నాకు చెప్పాడు.

"సేసేడే ఫోను. ఉప్పు ఎలాగున్నాదన్నాడు. నిండుకుందన్నాను."

"ఏమన్నాడు?"

"నిండిందా అన్నాడు. నిండుకుంది బాబూ, మొత్తం నిండుకుంది అన్నాను. సరే, సాలా మంచిదన్నాడు."

చాలా మంచిదన్నాడట! ఉప్పు కొట్టుకుపోయిందంటే ఎవడైనా మంచిదంటాడా? ఆ మాట విన్నాక కూడా నాకు అనుమానం రాలేదు. పాపం, తెలుగు సరిగ్గా రాదు, మర్యాదకి అన్నాడనుకున్నాను. "ఆగుతారులే మావా" అని కూడా అన్నాను. ఒక్క ఫోను. ఆ రోజు నేను బెంగుళూరావిడకు ఒక్క ఫోను చేసి ఉంటే! నాకప్పుడు పేజీలో కామెంట్లకు జవాబులు రాయడంతోనే సరిపోయింది. చెప్పు తీసుకుని కొట్టుకోవాలి నన్ను నేను.

ఐదో రోజు పొద్దున్న పది గంటలకు మావ ఫోన్ చేశాడు.  "అమ్మీ, లారీ వచ్చీసినాది" అన్నాడు.

బస్సు పట్టుకుని వెళ్ళేసరికి మడుల రోడ్డుమీద పొడుగాటి లారీ నిలబడి ఉంది. డ్రైవరు సాలూరాయన, తలపాగా చుట్టుకుని టైరు నీడలో బీడీ కాలుస్తున్నాడు. అత్త ఖాళీ మడులకూ లారీకీ మధ్యలో నిలబడి ఉంది. ఆసామి కూడా వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో, లారీ కళ్ళారా చూద్దామని వచ్చాడు.

"ఏటయ్యా, ఉప్పేది?" అన్నాడు డ్రైవరు నన్ను చూసి. నన్ను అయ్యా అన్నాడో మావనన్నాడో తెలియదు.

"నిండుకుందని సెప్పేను కదా బాబూ ఫోన్లో" అన్నాడు మావ.

డ్రైవరు బీడీ పారేసి లేచాడు. అతనికి ఒక్క క్షణంలో అర్థమైపోయింది. "ఓర్నాయనో! నిండుకుందని సెప్పేవా? నాకు సెప్తే నాను బండే తీసీవోడిని కాదు కదయ్యా. ఆ బెంగుళూరోలు నాతోటి, ఉప్పు పుల్లుగా ఉన్నాది, బేగెల్లు అన్నారు. నన్నడిగినోడేడి?"

అదే నన్ను ఇప్పటికీ కోసేది. ఆ మాట తెలిసినవాడు, తెలియనివాళ్ళకు చెప్పగలిగినవాడు వాళ్ళ మధ్యలో ఒక్కడే ఉన్నాడు. అతన్నెవరూ అడగలేదు. అతను బండి నడిపేవాడు.

అక్కడే నిలబడి బెంగుళూరావిడకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. నిండుకుంది అంటే నిండినట్టు కాదు మేడమ్, అయిపోయినట్టు, మాలో అలా అంటారు అన్నాను. చెబుతుంటే నాకే పిచ్చిదానిలా వినబడింది నా మాట. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఫోటో?" అంది.

"పాతది మేడమ్."

"లేదు అని చెబితే ఒక నెల ఆగేదాన్ని కదా. నెల నాకేం పెద్ద విషయం కాదు. ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది.

అబద్ధం కాదు మేడమ్ అని మళ్ళీ మొదలుపెట్టాను. పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. రోడ్డు ఇరుకని ఆ పొడుగాటి బండిని వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. మావే ముందు నిలబడి చేతులూపుతూ దారి చూపించాడు. ఆసామి గట్టుమీద నిలబడి అంతా చూశాడు. బండి వెళ్ళిపోయాక మావ దగ్గరికి వచ్చి, "సూడు, నాను ఆగేను. ఆగనేదని అనకు" అన్నాడు. మావ తలూపాడు.

ఆ సాయంత్రం పేజీ కింద రేటింగులో ఐదు చుక్కలకు ఒక్క చుక్క ఇచ్చి బెంగుళూరావిడ నాలుగు లైన్లు రాసింది. వీళ్ళ దగ్గర సరుకు లేకపోయినా ఉందని చెబుతారు, పాత ఫోటోలు పెట్టి మోసం చేస్తారు, నమ్మకండి అని. "ఏటని రాసింది?" అని మావ అడిగాడు. చదవనన్నాను. "సదువు" అన్నాడు. చదివాను.

"నానెప్పుడే అబద్ధమాడేను?" అన్నాడు. నన్ను కాదు, ఫోనును అడిగాడు. "ఒగ్గీ, లారీ పోతే పోనాది. మడులు పోతే పోనాయి. నానెప్పుడాడేనే అబద్ధం?" ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అప్పుడైనా ఊరుకోవాలా? ఊరుకోలేదు. నిండుకుంది అనే మాటకు అర్థమేమిటో, ఎందుకంటారో పేజీలో పెద్ద వివరణ రాశాను. ఆవిడ పేరు ఎత్తకుండానే రాశాను. మా తెలుగువాళ్ళు ఊరుకుంటారా? తెలుగు రాకపోతే నేర్చుకుని కొనండి, మా మాటను అబద్ధమంటారా అని ఆవిడ మీద పడ్డారు. అత్తకు దండాలు పెట్టినవాళ్ళే ఆవిడను నానా మాటలూ అన్నారు. ఆవిడ రాసింది తీయలేదు సరికదా, దానికింద ఆవిడ ఫ్రెండ్సు వచ్చి ఇంకో పది ఒంటి చుక్కలు పెట్టారు. అంతమంది మా వైపు పోట్లాడారు. ఒక్కడూ ఒక కిలో ఉప్పు కొనలేదు.

నెల తిరిగేసరికి ఉప్పు మళ్ళీ పండింది. అత్త చెప్పినట్టే. అంతకుముందు కంటే తెల్లగా కూడా పండింది. పేజీలో పెట్టాను. ఉప్పు ఉంది, నిండుగా ఉంది, కళ్ళారా వచ్చి చూసుకోండి అని మూడు రకాలుగా రాశాను. ఎవరూ అడగలేదు. ఎప్పుడూ వచ్చే దళారే వచ్చి, ఎప్పుడూ ఎత్తుకెళ్ళినట్టే ఎత్తుకెళ్ళాడు. జూన్ వెళ్ళాక ఆసామి మిషను దింపాడు. మావ మడుల గట్లు ఎన్ని తరాలుగా తొక్కి తొక్కి గట్టిపడ్డాయో, మిషనుకు రెండు రోజులు కూడా పట్టలేదు.

ఆసామి మంచివాడన్నాను కదా. ఆ చెరువులకు మావనే కాపలా పెట్టాడు. కొంగలు రాకుండా డబ్బా వాయించడం పని. తన మడి ఎక్కడుండేదో నీళ్ళమీద వేలు పెట్టి చూపించేవాడు నాకు. అత్త రొయ్యలు ఒలిచే కంపెనీలో చేరింది. పొద్దున్న వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. చల్లటి నీళ్ళలో పెట్టీ పెట్టీ ఆవిడ వేళ్ళ కొనలు ముడతలు పడి తెల్లబడ్డాయి. నేను టెక్కలి గది ఖాళీ చేసి, ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరాను. బోర్డు మా అమ్మ కోళ్ళగూటి మీద కప్పింది. చినుకులకు బాగానే ఆగుతుందట.

పేజీ మాత్రం అలాగే ఉండిపోయింది. తీసేయడానికి చెయ్యి రాలేదు, చూడటానికి ధైర్యం రాలేదు. అప్పుడప్పుడూ పాత వీడియో ఎవరికో తగిలి, ఒక లైకు పడేది.

మరుసటి ఏడాది ఎండల్లో ఒక ఆదివారం అత్తను చూడటానికి వెళ్ళాను. అన్నం వడ్డించి తనూ తింటూ కూర్చుంది. కూరలో ఉప్పు తగ్గింది. అడగబోయి ఆగాను. ఆవిడే గ్రహించి లేచి, గూట్లోంచి తీసుకొచ్చింది. షాపులో దొరికే మెత్తటి ఉప్పు ప్యాకెట్టు, మూల కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఉప్పు పండించిన ఇంట్లో ప్యాకెట్టు ఉప్పు. చెంచాతో తీసి నా చెయ్యి చాపమంది. నేను పళ్ళెం చాపాను. "ఏటవుతాది, సేతిలోనే తీసుకో" అంది. తగువులొస్తాయేమో అని నవ్వించబోయాను. ఆవిడ నవ్వలేదు.

అప్పుడే నా ఫోను మోగింది. పేజీకి మెసేజ్. ఎవరో ఆవిడ, పాత వీడియో చూసిందట. "నమస్తే అండీ, మీ దగ్గర ఉప్పు ఉందా?" అని తెలుగులోనే అడిగింది. నేను అత్త మొహం చూశాను. అలవాటుగా చదివి వినిపించాను.

"ఏమని రాయమంటావు అత్తా?"

అత్త ఎంగిలి చేత్తో ప్యాకెట్టుకు రబ్బరు బ్యాండు మళ్ళీ వేస్తోంది. నేను ఆ పాత మాట కోసమే ఎదురుచూశాను. కావాలంటే ఈసారి కింద అర్థం కూడా రాద్దామనుకున్నాను. నోటిమీద కొడుతుందేమోనని కొంచెం వెనక్కి కూడా జరిగాను.

"నేదని రాసీ" అంది.

"అత్తా..."

"నేదని రాసీయే గుంటా. అన్నం తిను."

లేదు అని రాసి పంపాను. అవతలి మనిషికి వెంటనే అర్థమైంది. "ఓకే అండీ" అని పెట్టింది.